కోడలు చెక్కిన పన్ను

మా కోడలు పన్నెండేళ్లుగా కట్టుడు పళ్లు చేస్తోంది. పళ్ల డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి, డబ్బాలో పెట్టి ల్యాబుకు పంపుతారు. కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, ఆ అచ్చు చూస్తూ తను మైనంతో పన్ను మలుస్తుంది. ఆ నోరు ఎవరిదో తనకు తెలియదు, పన్ను చేసిందెవరో ఆ మనిషికి తెలియదు. పేరు మాత్రం డాక్టరుకు. అది తలచుకుంటే నాకు ఒళ్లు మండేది, తనకు మండేది కాదు.

అలాంటి మనిషి ముప్పై మూడేళ్లు నిండాక ఒక ఆదివారం, "డెంటల్ కాలేజీ ఎంట్రన్సు రాస్తాను అత్తయ్యా. నాకూ మనుషుల్ని చూడాలనుంది" అంది.

"నీ కూతురు ఎక్కాలు అప్పజెప్పే వయసుకొచ్చింది. ఇప్పుడు నువ్వు బడికి పోతావా?" అన్నాను. నా నోటికి అదుపుండదు. తను నవ్వేసింది.

మొదటిసారి తప్పింది. నిలువునా ముంచింది ఫిజిక్సు. ముప్పై అయిదు నిండితే ఆ పరీక్షకు రానివ్వరు కనుక ఇక మిగిలింది ఒకే ఒక్కసారి. నేను చాలించమంటానని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. కానీ మర్నాడు పొద్దున చూస్తే, కుళాయి పైన గోడకు ఒక కాగితం అంటించుకుని, గిన్నెలు తోముతూ కటకాల సూత్రాలు వల్లె వేస్తోంది. నీళ్లు చింది అక్షరాలు అలుక్కుపోయాయి. "అక్కడేముందో పుస్తకంలో చూసి చెప్తారా అత్తయ్యా?" అంది. చెప్పాను. అంతే, ఇరుక్కుపోయాను.

ఆ రోజు నుంచి తను గిన్నెలు తోముతుంటే నేను పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడగాలి. తప్పు చెప్పినదాని పక్కన చుక్క పెట్టాలి. చుక్కలున్నవి మర్నాడు మళ్లీ అడగాలి. బస్సులో నిలబడి చదివేది, ల్యాబులో మైనం కరిగేలోపు చదివేది. చలికాలం వెళ్లేసరికి చుక్కల కోసం నేను పేజీలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంత మొండి మనిషిని నా జన్మలో చూడలేదు.

ఆ కాలేజీ సొంతంగా పెట్టే పరీక్ష అది, అందులో రెండో భాగం చేతిపని. ఒక బొమ్మ ఇస్తారు, గంటలో మైనపు దిమ్మను ఆ పన్నులా చెక్కాలి. అది తనకు మంచినీళ్ల ప్రాయం అనుకున్నాం, మా అబ్బాయి ఒకసారి స్కేలు పెట్టి కొలిచేదాకా.

"ఒక మూల అరిగినట్టుంది, పన్నూ కాస్త ఒరిగింది. బొమ్మలో ఇలా లేదే" అన్నాడు.

"నోట్లో పళ్లు ఇలాగే ఉంటాయండీ. పక్క పన్నుతో కలిసిపోవద్దూ?" అంది తను.

పన్నెండేళ్లూ మనుషుల పళ్లు చేసిన చెయ్యి మరి. కొత్త పన్ను ఎలా ఉంటుందో దానికి మళ్లీ నేర్పాల్సి వచ్చింది. నెల రోజులు రోజుకొకటి చెక్కింది, మావాడు రోజూ కొలిచాడు.

పరీక్ష రోజు సాయంత్రం చెప్పులు విప్పకుండానే గుమ్మంలో చెప్పేసింది. "రాసేది బాగానే రాశాను. పన్ను కూడా బొమ్మలో ఉన్నట్టే చెక్కాను. ఇంకా పది నిమిషాలు మిగిలింది. చూస్తే అది ఎవరిదీ కాదనిపించింది. చెయ్యి ఊరుకోలేదు అత్తయ్యా. మూల అరగదీశాను."

తిట్టాలనిపించింది. దగ్గరకు తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చేతకాక టీ పెట్టిచ్చాను.

మూడు వారాలకు ఫలితాలొచ్చాయి. చేతిపనిలో యాభైకి ఇరవై ఆరు. ఇరవై అయిదు రాకపోతే ఇంటికే. ఆ హాల్లో పళ్లు చేసి బతికే మనిషి బహుశా తనొక్కతే, వచ్చిన మార్కులేమో అవి. ఫిజిక్సులో మాత్రం నూటికి ఎనభై తొమ్మిది. ఆ ఫిజిక్సే గట్టెక్కించింది. చివరి నుంచి రెండో సీటు తనది.

ఏడ్చాను, దాచుకోవడమెందుకు. కాపురానికొచ్చిన ఈ పదకొండేళ్లలో తన ముఖం మీద ఒక్క మంచి మాట అనలేదు. ఆ రోజు అన్నాను.

"నీ మొండితనంలో సగం ఉన్నా నేనూ ఏదో ఒకటి అయ్యేదాన్ని అమ్మాయ్."

తను నా పక్కన కూర్చుంది. "ఏమవుదామనుకున్నారు అత్తయ్యా?" అని అడిగింది.

నాకు అరవై ఎనిమిదేళ్లు. ఆ మాట నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు.