కరుణమ్మగారి తొమ్మిదో ఎముక

ఒక మనిషికి రెండు చేతులకూ పిండికట్టు వేసి, తీరా చూస్తే ఆ రెండు చేతుల్లోనూ ఒక్క ఎముకైనా విరగలేదని తేలితే, ఆ డాక్టరుని ఏమనాలి? ఏమనుకున్నా సరే, కాస్త నెమ్మదిగా అనుకోండి. ఆ డాక్టరు నేనే. ఆ ఘోరం ఎలా జరిగిందో మొదట్నుంచీ చెబుతాను.

ఎనభైల మొదట్లో సంగతి. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌కి దగ్గర్లో ఒక చిన్న ఆసుపత్రి ఎమర్జెన్సీలో కొత్తగా చేరాను. చదువుకునే రోజుల్లో ఫస్టు వచ్చిన పొగరు ఇంకా దిగలేదు. శరీరంలో ఎక్కడ ఏ ఎముక ఉంటుందో నాకు నోటికొచ్చు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, గులకరాళ్లు రెండు వరసల్లో పేర్చినట్టు. వాటి పేర్లు ఎక్కాల్లాగా ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ అప్పజెప్పేవాణ్ణి. నిద్రలో లేపి అడిగినా ఎనిమిదే అనేవాణ్ణి. నా కొంప ముంచింది ఆ ఎనిమిదే.

ఆదివారాలు తెలుగు చర్చికి వెళ్లేవాణ్ణి. సొంత భవనమేమీ కాదు. ఒక అమెరికన్ చర్చివాళ్లు మధ్యాహ్నం పూట తమ బేస్‌మెంట్ మాకు ఇచ్చేవాళ్లు. గుంటూరు, తెనాలి, బాపట్ల వైపునుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు అక్కడ చేరేవి. ఆరాధన అయ్యాక భోజనాలు, భోజనాల దగ్గర నా చుట్టూ జనం. ఒకరి మోకాలు, ఒకరి నడుము, ఒకరి మామగారు పోస్టులో పంపిన ఎక్స్‌రే. ఒక చేత్తో పులిహోర ప్లేటూ ఇంకో చేత్తో ఫిల్మూ పట్టుకుని ట్యూబ్‌లైట్‌కేసి చూసి తీర్పు చెప్పాలి. పెళ్లికాని కుర్రాణ్ణి, ఇంటి వంటకి మొహం వాచినవాణ్ణి. రెండు గారెలు ఎక్కువ వేస్తే ఎవరి మోకాలైనా చూసేవాణ్ణి.

ఆ సంఘానికి ప్రాణం కరుణమ్మగారు. మనిషి సన్నం, గొంతు పెద్దది. భర్త దేవదానంగారు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఊరినుంచి ఆవిడ పోరుపెట్టి తెచ్చుకున్న హార్మోనియం ఉండేది. దాన్ని వాయించడం ఆవిడకి తప్ప ఇంకెవరికీ రాదు. ఆ ఏడు మా మొట్టమొదటి సెమీ క్రిస్మస్, అంటే క్రిస్మస్ కంటే ముందే డిసెంబరు మొదట్లో చేసుకునే పండగ. పైన ఉన్న పెద్ద హాలు మాకిచ్చి, తాము కూడా వచ్చి తెలుగు పాటలు వింటామన్నారు అమెరికన్ చర్చివాళ్లు. ఆవిడ వేసవి నుంచీ పిల్లల్ని కూర్చోబెట్టి, నాలుక తిరగని మాటల్ని ఒక్కొక్కటే పలికిస్తోంది.

నవంబరులో ఒక ఆదివారం, పార్కింగ్‌లో మంచు మీద ఆవిడ కాలు జారి పడింది. కుడి చెయ్యి ఆనించింది. మణికట్టు కొంచెం వాచింది. అక్కడే నేనుండటం ఆవిడ ఖర్మ. కార్‌లో ఎక్కించుకెళ్లి ఎక్స్‌రే తీయించాను. ఫిల్ము లైటుకి పెట్టి ఎముకలు లెక్కపెట్టాను. తొమ్మిదొచ్చాయి. కళ్లు నులుముకుని మళ్లీ లెక్కపెట్టాను. తొమ్మిదే. ఎనిమిది ఉండాల్సిన చోట తొమ్మిది ఉన్నాయంటే ఒకటి విరిగి రెండయిందన్నమాట. ఒకటో తరగతి పిల్లాడు కూడా చెప్పగల లెక్క. బొటనవేలితో సహా బిగించి కట్టు వేసేశాను.

అంత నొప్పేం లేదు తమ్ముడూ అని ఆవిడ అంటూనే ఉంది. లోపల విరిగింది, మీకు తెలీదక్కా అన్నాను నేను. దేవదానంగారి మొహం వాడిపోయింది. ఆవిడ మాత్రం అక్కడికక్కడే ఉపాయం ఆలోచించింది. ఎడమ చేత్తో తను మెట్లు నొక్కుతుందట, వెనక తిత్తి నేను ఆడించాలట. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున మా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు చూసే పెద్ద డాక్టరు కారిడార్‌లో ఎదురైతే నా ఘనకార్యం చెప్పాను. తెల్లజుట్టు ముసలాయన. నారింజరంగు టోపీ పెట్టుకుని జింకల వేటకి బయల్దేరుతున్నాడు. ఆ వేట రోజుల్లో మిషిగన్‌లో మగవాళ్లు సగం మంది అడవుల్లోనే ఉంటారు. మా ఎముకల డాక్టరు అప్పటికే వెళ్లిపోయాడు. ముసలాయన ఆగకుండానే, రెండో చెయ్యి కూడా ఎక్స్‌రే తీయించు అని చెప్పి వెళ్లిపోయాడు.

రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకోమని ఆయన ఉద్దేశం. మీకు అప్పుడే తెలిసిపోయింది కదూ? నాకు తెలియలేదు. ఆవిణ్ణి పిలిపించి ఎడమ చెయ్యి తీయించాను. అందులోనూ తొమ్మిదే. నాకు ఒళ్లు జలదరించింది. ఫిల్మైనా చూడకుండా రెండో చెయ్యీ విరిగిందని కనిపెట్టేశాడే, అనుభవమంటే ఇదీ అనుకుని అడవివైపు తిరిగి మనసులోనే దణ్ణం పెట్టాను.

"ఈ చెయ్యి అస్సలు నొప్పి లేదు తమ్ముడూ," అంది ఆవిడ.

నేను బొటనవేలి మొదట్లో నా బలమంతా పెట్టి నొక్కాను.

"అబ్బా. ఇప్పుడుంది."

"చూశారా మరి," అన్నాను.

దాంతో రెండో చేతికీ కట్టు పడింది.

ఇక ఆ ఇంట్లో సంబరం చూడాలి. దేవదానంగారు అన్నం కలిపి ముద్దలు పెడుతున్నాడు, తల దువ్వుతున్నాడు. ఆయన వేసిన జడ కార్లు లాగే మోకులా ఉండేది. ఆడవాళ్లంతా వంతులేసుకుని కూరలు తెచ్చిపెట్టారు. పెళ్లయ్యాక ఇంత సుఖం ఎరగను, ఇంకో నెల ఉంచు తమ్ముడూ అని ఆయన వినేట్టు చెప్పేది ఆవిడ.

పాటల రిహార్సల్ దగ్గర మాత్రం ఆవిడ మొహంలో ఆ నవ్వు ఉండేది కాదు. కట్టు వేసింది నువ్వే కాబట్టి వాయించేదీ నువ్వేనన్నాడు పాస్టరుగారు. నేను హార్మోనియం ముట్టుకుంటే జలుబు చేసిన గేదె అరిచినట్టు ఉండేది. పిల్లలు పాడటం మానేసి నవ్వేవాళ్లు. ఒకరోజు వాళ్లు వెళ్లాక ఆవిడ నా పక్కన కూర్చుంది.

"తెల్లవాళ్ల ముందు నవ్వులపాలైతే ఈ పిల్లలు మళ్లీ తెలుగులో నోరు తెరవరు తమ్ముడూ," అంది.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆ వారం గారెలు కూడా దిగలేదు గొంతులోకి.

పండగ ఇక రెండ్రోజులుందనగా ముసలాయన వేటనుంచి వచ్చాడు. రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఈవిడ ఇప్పుడెలా ఉందని అడిగాడు. రెండు చేతులకీ కట్టు వేశానని, ఆ ఘనత ఆయనదేనని వినయంగా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి కుర్చీలో కూలబడ్డాడు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

తర్వాత నన్ను దగ్గరికి పిలిచి వేలు పెట్టి చూపించాడు. విరిగిన ఎముక అంచు గరుగ్గా ఉంటుంది. ఇది చింతగింజలా నున్నగా ఉంది. పైగా రెండు చేతుల్లోనూ ఒకేచోట, ఒకే సైజులో ఉంది. కడుపులో ఉన్నప్పుడు ఈ గింజ అందరికీ ఏర్పడుతుందట, పుట్టేలోపు పక్క ఎముకలో కలిసిపోతుందట. ఎక్కడో ఒకరికి మాత్రం కలవకుండా విడిగా మిగిలిపోతుంది. దానివల్ల ఏ బాధా లేదు.

"పుస్తకంలో ఎనిమిదని రాసినవాడు ఈవిణ్ణి చూడలేదు. కోతుల్లో అయితే చాలావాటికి తొమ్మిదే ఉంటాయి," అన్నాడు.

ఆ సాయంత్రమే ఆవిణ్ణి పిలిపించి కట్లు కోసేశాను. కుడిచేతి వాపు ఏనాడో తగ్గిపోయింది. క్షమించమని అడిగి, కోతుల సంగతి తప్ప అంతా చెప్పాను. ఆ తొమ్మిదో ఎముకని చూడాలని ముసలాయన స్వయంగా వచ్చి, ఆవిడ రెండు చేతులూ ఆప్యాయంగా పట్టుకుని, కోతుల సంగతి కూడా చెప్పేశాడు. దేవదానంగారు నవ్వు ఆపుకోలేక గదిలోంచి బయటికి వెళ్లిపోయాడు. ఆవిడ నావైపు తిరిగింది.

"ఈ కోతుల మాట చర్చిలో పొక్కిందా, నీ ఎముకలు నేను లెక్కపెడతాను."

అందుకని అందరికీ "తగ్గిపోయింది" అని ఒక్క ముక్కే చెప్పి ఊరుకున్నాం.

పండగనాడు హాలు నిండిపోయింది. ఆవిడ వేళ్లు మెట్లమీద పరుగెత్తుతుంటే పిల్లలు గొంతులెత్తి పాడారు. అమెరికన్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా గుండెమీంచి బండ దిగింది. హాయిగా వెనక్కి వాలాను. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు మైకు తీసుకున్నాడు. రెండు చేతులూ విరిగిన సహోదరి ఇంత తొందరగా ఎలా వాయించగలిగిందో కట్టు వేసిన డాక్టరే వచ్చి సాక్ష్యం చెప్పాలన్నాడు.

వేదికెక్కి మైకు అందుకున్నాను. దేవుడి ఇంట్లో నిలబడి అబద్ధమాడలేను. నిజం మొత్తం చెబితే ఆవిడ బతకనివ్వదు. చెప్పగలిగినంత నిజం చెప్పాను.

"ఆవిడ ఎముకలు విరగలేదండీ. ఎక్కడా విరిగిన జాడే లేదు. పొరపాటు నాది."

పాస్టరుగారు చెయ్యి పైకెత్తాడు. "విన్నారా? విరిగిన జాడే లేదంటున్నాడు. ఇంత చదువుకున్న డాక్టరే తన నోటితో చెబుతున్నాడు."

హాలంతా హల్లెలూయ అంది. పాస్టరుగారు దాన్ని ఇంగ్లీషులో చెబితే అమెరికన్లు కూడా అన్నారు.

"అది కాదండీ. మొదట్నుంచీ లేదు," అన్నాను.

"మొదట్నుంచీ లేనట్టే చేశాడు దేవుడు," అన్నాడాయన.

మళ్లీ హల్లెలూయ. నేనింకా నోరు తెరవబోతుంటే ఆవిడ హార్మోనియం అందుకుని నా మాట వినపడకుండా చేసేసింది. తల వేలాడేసుకుని దిగివస్తుంటే, వాయించడం ఆపకుండానే చిన్నగా అంది.

"కూర్చో తమ్ముడూ. దేవుడు నా చేతుల్ని బాగుచెయ్యలేదు, నీ పరువు కాపాడాడు."

ఆ రాత్రే ప్రమాణం చేసుకున్నాను. ఇకమీదట నా లెక్కకి ఎముక ఎక్కువొస్తే ముందు పుస్తకాన్ని అనుమానిస్తాను, తర్వాత నన్ను అనుమానిస్తాను, మనిషి చేతిని మాత్రం చచ్చినా అనుమానించను. ఇంతవరకూ ఆ మాట తప్పలేదు. సాక్ష్యం చెప్పడానికి ఎవరైనా ముందుకు రమ్మన్నప్పుడు మాత్రం ఇప్పటికీ బాత్రూమ్‌కి లేచి వెళ్లిపోతాను.