టర్బో కింద బైండింగ్ వైరు

మా పాత పెట్రోలు కారుకు ఎండాకాలంలో ఇంజిను జోరు పెంచే టర్బో పెట్టించాను. రాజమండ్రిలో ఒక మెకానిక్, నేను కలిసి చేసిన పని అది. అవసరమా అంటే కాదు, పిచ్చి. మా నాన్నగారు ఒక్క ముక్కలో తేల్చేశారు, బాగున్న బండిని చెడగొట్టుకోవడమని. అయినా నా పక్క సీట్లో కూర్చునేవారు. కంటి డాక్టరు దగ్గరికైనా, ఎరువుల కొట్టుకైనా నాతోనే వచ్చేవారు.

వానలు పడ్డాక పొగ మొదలైంది. నడుస్తున్నంతసేపూ ఏమీ ఉండదు. రైల్వే గేటు దగ్గర ఆగి ఇంజిను ఊరికే తిరుగుతుంటే మాత్రం సైలెన్సర్‌లోంచి నీలం పొగ వచ్చేది. ఒకరోజు వెనక స్కూటరు మీది మనిషి, "పంచాయతీ దోమల పొగ బండి వచ్చిందండోయ్!" అని కేకేశాడు. గేటు దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. నాన్నగారు నవ్వలేదు. మర్నాటి నుంచి బస్సెక్కడం మొదలుపెట్టారు.

"ఆ పొగేదో ఆగాక చెప్పు, ఎక్కుతాను," అన్నారు.

ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకునేది తక్కువ. కారులోనే ఎవరి చేను ఊడ్చారో, ఎవరిది నీట మునిగిందో ఆయన చెబుతూ ఉండేవారు, నేను వింటూ ఉండేవాణ్ణి. పక్క సీటు ఖాళీగా ఉంటే నాకు బాధగానే ఉండేది.

మెకానిక్‌కి ఫోన్ చేశాను.

"డ్రెయిన్ పైపు ఏమన్నా కదిపారాండి?" అన్నాడు.

"నా కారు కింద దూరేదెవరండి?" అని విసుక్కున్నాను.

టర్బోలోకి ఆయిలును ఇంజినే తోస్తుంది. బయటికి మాత్రం అది డ్రెయిన్ పైపులోంచి దానంతటదే జారి ఇంజిను అడుగునున్న ఆయిలు ఛాంబర్‌లో పడాలి, తోసేది ఏదీ ఉండదు. దారిలో పైపు ఎక్కడ పైకి లేచినా ఆయిలు వెనక నిలిచిపోయి, సీలు పక్కనుంచి కారి, కాలి పొగవుతుంది. మురుగు కాలువ పూడితే చేను మునిగినట్టే.

ఆదివారం మెకానిక్ షెడ్డులో కారును ర్యాంపు మీదికెక్కించి ఇద్దరం కిందినుంచి చూశాం. టర్బో నుంచి దిగిన పైపును ఎవరో మధ్యలో పట్టి పైకి లాగి, బైండింగ్ వైరుతో కట్టేశారు. వైరు కొసలు గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉన్నాయి.

"ఎవరోగానీ భలే గట్టిగా కట్టారండి," అని మెకానిక్ నవ్వాడు.

ఎవరో నాకు తెలిసిపోయింది. వానలు మొదలవగానే మోటారు షెడ్డు వైర్ల దగ్గర్నుంచి పెరట్లో పాదుల దాకా వేలాడేదల్లా పైకి కట్టేయడం నాన్నగారి అలవాటు. గట్ల మీది గతుకులకు పైపు తగిలి తెగుతుందని భయపడి ఉంటారు. మొదట ఒళ్లు మండింది. తర్వాత, ఆ నొప్పుల నడుముతో ఆయన బురదలో వెల్లకిలా పడుకుని చేతులు పైకెత్తడం తలుచుకుంటే ఏమీ అనబుద్ధి కాలేదు. వైరు తీయించాను. పైపుకు దెబ్బ తగలకుండా కింద రేకు బిగించమన్నాను. ఆయన భయంలో తప్పేమీ లేదు.

ఇంటికొచ్చి, "పైపు కాస్త వంగిందండి, సరిచేశాం. రేపు డాక్టరు దగ్గరికి కారులోనే వెళ్దాం," అన్నాను. ఆయన తలూపారు.

మర్నాడు దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి తీరిగ్గా పోతోంది. ఇంజిను ఆపకుండా అద్దంలోకి చూస్తూ కూర్చున్నాను. పొగ లేదు.

"ఎక్కేముందు వంగి చూశాను," అన్నారు నాన్నగారు. "నేను కట్టిన కట్టు లేదు. దానివల్లేనా పొగ?"

"అవునండి."

"మరి నాతో చెప్పలేదేంరా?"

"చెబితే మీరు మళ్లీ బండెక్కరేమోననండి."

ఆయన మెడ తిప్పి, వెనక పొగ లేదని ఓసారి చూసుకున్నారు.

"చూశాకే ఎక్కానుగా," అన్నారు.