మల్లెమొక్క గురించి అడగబోతే

మేముండేది చిక్కడపల్లిలో. పోయిన ఎండాకాలం మా బాల్కనీలో మల్లెమొక్కకు వచ్చిన మొగ్గలు వచ్చినట్టే రాలిపోతుంటే, మిద్దెతోటల వాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో చేరాను. నాకు టైపింగ్ రాదు. మైకు నొక్కి మాట్లాడితే ఫోనే రాసుకుంటుందని మా అమ్మాయి నేర్పింది. ధైర్యం చేసి ప్రశ్న చెప్పి పంపేశాను. కాసేపటికి చూస్తే కింద అన్నీ నవ్వు బొమ్మలే! నా ప్రశ్న ఇలా ఉంది:

“మల్లెచెట్టు మొగ్గలు రాలిపోతున్నయ్. ఏమండీ, గా చిరిగిన బనీను మీదనే బాల్కనీల నిలవడ్తరా? ఎదురింటోల్లు చూస్తున్రు. ఏం మందు కొట్టాలె?”

మధ్యలో మావారిని కసిరిన మాటలు కూడా ఫోను రాసేసింది! ఒకాయనైతే, “రూల్స్ చదవకుండా పోస్టులు పెట్టకండి” అని గద్దించారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎలా తీసేయాలో తెలియదు. గ్రూపులోంచే వెళ్లిపోదామనుకుంటుండగా, దాన్ని నడిపే రాంనగర్ ఆవిడ రాసింది.

“అక్కా, పరేషాన్ గాకు. మందేం వద్దు. కుండీల మట్టి ఎండితే మొగ్గలు రాలుతయ్, రోజూ పొద్దుగాల నీళ్లు పొయ్యి. పోస్టు తీసెయ్యాల్నంటే దాన్ని జర ఒత్తి పట్టుకో, డిలీట్ అని వస్తది.”

గద్దించినాయనకూ చెప్పింది: “అన్నా, కొత్తోల్లకు ముందు జవాబు చెప్దాం. రూల్స్ తర్వాత.”

ఆ జవాబు రాకపోతే నేను మళ్లీ ఎక్కడా నోరు విప్పేదాన్ని కాదు. ఇప్పుడు గ్రూపులో కొత్తవాళ్లు ఏమడిగినా ముందు పలికేది నేనే. మొన్న ఒకాయన గులాబీ ఫొటో తలకిందులుగా పెట్టారు. నేను ఫోను తిప్పి చూసి జవాబిచ్చాను.