కాకి ముట్టింది

పదో రోజు పొద్దున్న పాలకొల్లు కాలవ గట్టు మీద నాన్నకి పిండం పెట్టి, కాకి కోసం నించున్నాం. మామూలు రోజుల్లో మా బట్టల కొట్టు ముందు పిడికెడు మరమరాలు పోస్తే చాలు, బిలబిలమంటూ వాలేవి. ఆ రోజు ఆకాశంలో ఒక్కటీ లేదు.

కాకి ముట్టకపోతే పోయినవాళ్లకి తీరని కోరికేదో ఉన్నట్టే. ఒక్కొక్కరూ ముందుకెళ్లి, దండం పెట్టి, మాటిచ్చారు. "కొట్టు మూతపడనివ్వను అన్నయ్యా" అన్నాడు బాబాయి. అత్తయ్య పనసపొట్టు కూర వడ్డించింది. ఎవరో సిగరెట్టు కూడా పెట్టారు. నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఎండెక్కింది. పిండం పైన ఎండి బీటలు తీసింది.

అమ్మ మాత్రం ఏ మాటా ఇవ్వలేదు. ఏమని ఇవ్వాలో ఆవిడకి తెలీదు. ఆసుపత్రిలో ఆఖరి రోజు నాన్న ఆక్సిజన్ మాస్కు లోంచి ఏదో అన్నారు. అమ్మ చెవి ఆనించింది. మిషన్ల మోతలో వినపడలేదు. మళ్లీ అడిగేలోపే ఆయన మాట పడిపోయింది.

అమ్మ పిండం దగ్గర చతికిలబడి, "ఏంటండీ? ఏం కావాలండీ?" అని మెల్లగా అడగడం మొదలెట్టింది. అడుగుతోంది, జవాబు కోసం ఆగుతోంది, తలూపి మళ్లీ అడుగుతోంది.

మా అన్నయ్య తట్టుకోలేకపోయాడు. ఫోన్లో కాకుల అరుపు వెతికి, సౌండ్ పూర్తిగా పెంచేశాడు.

ఎక్కణ్ణించి వచ్చాయో, చూస్తుండగానే నల్లగా కమ్ముకున్నాయి. ముందు పిండం వంక చూడనే లేదు. అన్నయ్య చేతిలో ఫోన్ చుట్టూ తిరుగుతూ అరిచాయి. భయపడి ఆపేశాడు. అప్పుడు దిగి, విస్తరి చిరిగేదాకా పొడిచి తిన్నాయి.

"ముట్టిందండీ, ఇక లేవండి" అన్నారు పంతులుగారు. నిజం చెప్పాలంటే నాకూ ప్రాణం లేచొచ్చింది.

అమ్మ లేవలేదు. అవతలి రేవు మెట్టు మీద ఒక్క కాకి కూర్చుని ఉంది. అరవలేదు, తినడానికి రాలేదు. ఆవిడ వంకే కాసేపు చూసి, కొబ్బరిచెట్ల మీదుగా వెళ్లిపోయింది.

"అది ఆ గోలకి వచ్చింది కాదే" అంది అమ్మ నాతో. "నేను అడుగుతుంటే వచ్చి వాలింది. ఇవతలికి వచ్చేలోపు మీ అన్నయ్య ఫోన్ పెట్టాడు."

అందరం ఇంటికెళ్లి భోజనాలు చేశాం.

ఇప్పటికీ పొద్దున్నే అమ్మ టీవీ, ఫోన్లు అన్నీ కట్టేయించి, డాబా మీద అన్నం ముద్ద పెట్టి కూర్చుంటుంది. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా నేనూ పక్కన కూర్చుంటాను. ఆ నిశ్శబ్దం నావల్ల కాదు, చెయ్యి దానంతటదే ఫోన్ కోసం తడుముతుంది. కాకి వస్తుంది, తింటుంది.

"ఇది కాదు" అంటుంది అమ్మ.