యెషారెగ్ తేనె మీద పడ్డ కళ్ళు

యెషారెగ్ తేనెలో మందు కలిసిందని ఎవరైనా నా ముందు అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆమెదీ నాదీ ఒకటే కంచె. పెళ్ళయి ఈ ఊరొచ్చినప్పటి నుంచి ఆమె పొయ్యి పొగ నా ఇంట్లోకి, నా కాఫీ వాసన ఆమె ఇంట్లోకి వస్తూ పోతూనే ఉన్నాయి. అందుకని జరిగింది జరిగినట్టు చెప్తాను. గిట్టనివాళ్ళు చెవులు మూసుకోవచ్చు.

మా కఫా అడవుల్లో తేనెపట్టు దించేది మగవాళ్ళు. దించాక వడకట్టడం, దాచడం, దానితో తేజ్ అనే తేనెకల్లు పులియబెట్టి పండక్కీ పెళ్ళికీ పొయ్యడం మా ఆడవాళ్ళ పని. యెషారెగ్ మొగుడి పేరు కోచితో. ఎంత ఎత్తు చెట్టయినా తాడేసుకుని ఎక్కేస్తాడు గానీ, నేల మీద కాలు పెడితే పెళ్ళాం మాటే మాట. ఆమె వడకట్టిన తేనెలో ఈగ రెక్క ముక్క కూడా కనపడదు. మర్యమ్ మాత పండక్కి గుడికి వెళ్ళే తేజ్ ఆమె తేనెతో చేసిందే. ఊళ్ళో పెళ్ళి కుదిరితే ముందుగా తొక్కేది ఆమె గుమ్మమే. ఆ ఇంటికి ఉన్న ఆస్తల్లా ఆ పేరే.

తేనె విషయంలో మాకో పట్టింపు ఉంది. దాని మీద పరాయివాళ్ళ కన్ను పడకూడదు. కుండ మీద అరటాకులాంటి ఎన్సెట్ ఆకు కప్పి, పడకగదిలో తలాపున పెట్టుకుంటాం. చుట్టాలొచ్చి తిని పడుకుని వెళ్ళినా ఆ కుండ ఎక్కడుందో చూపించం. దిష్టి తగిలిన తేనె పులిసిపోతుందని మా అమ్మ చెప్పింది. నిజమో కాదో గానీ, పరీక్ష చేసి చూసే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

కిందటేడు రాజధాని అడ్డిస్ నుంచి ఫిస్సెహా అనే అబ్బాయి వచ్చాడు. తేనెని సముద్రం దాటించే కంపెనీ తరఫు మనిషి. మా తేనె సంఘం షెడ్డులో మమ్మల్ని కూర్చోబెట్టి, అక్కడివాళ్ళకి తేనె ఎలా ఉండాలో చెప్పాడు. నీరు ఎక్కువ ఉండకూడదు, పొగ వాసన రాకూడదు, మందులూ మాకులూ అసలే తగలకూడదు.

"పొగ లేకుండా ఎలా నాయనా? బయటికి రండి తల్లీ అని ఈగల కాళ్ళు పట్టుకోమంటావా?" అంది యెషారెగ్.

షెడ్డంతా నవ్వింది. ఫిస్సెహా కూడా నవ్వాడు. "పొగ పెట్టండమ్మా, కానీ పైపైన. పచ్చాకు కాల్చకండి."

నవ్వించింది ఆమే గానీ, ఆ తరవాత చెప్పింది చెప్పినట్టు చేసిందీ ఆమే. మొగుడి చేత ఎండుటాకే కాల్పించింది. మైనం మూత పడని పచ్చి పట్టు దించుకొస్తే అతన్ని గుమ్మంలోనే నిలబెట్టి చివాట్లు పెట్టింది. "ఏమే, ఇంత చాదస్తమా" అని నేనంటే, "మన తేనె తినేవాళ్ళు మన మొహాలు చూడరుగా అక్కా, తేనెని చూసే మనమెలాంటివాళ్ళమో అనుకుంటారు" అంది.

తేనె దించగానే లారీ వస్తుందనీ, మూతలున్న తెల్ల బకెట్లు ఆ లారీలోనే వస్తాయనీ ఫిస్సెహా మాటిచ్చాడు. లారీ రాలేదు. ఫోను చేస్తే రేపన్నాడు, మళ్ళీ చేస్తే రోడ్డు బాలేదన్నాడు. ఈలోగా వానలు పట్టుకున్నాయి. బకెట్లు లేవు గనక తేనె ఎప్పటిలాగే మా తలాపున, కుండల్లో, ఆకు కిందే ఉండిపోయింది.

వానలకి ముందొకసారి రావాల్సిన దోమల మందువాళ్ళు ఆ ఏడు వానల్లో వచ్చారు. వీపున పంపులు, మొహానికి గుడ్డలు. ఇళ్ళ లోపలి గోడలకి మందు కొట్టి, తలుపు మీద సుద్దతో గుర్తు పెట్టి పోతారు.

"తిండి సామానంతా బయట పెట్టండమ్మా," అన్నారు వాళ్ళు యెషారెగ్ గుమ్మంలో నిలబడి.

ఇంజెరా రొట్టెల బుట్ట బయట పెట్టింది. పిండి, కారం, నీళ్ళ కుండ బయట పెట్టింది. తేనె మాత్రం తేలేదు. ముక్కూ మొహం తెలియని నలుగురు మగవాళ్ళు వాకిట్లో నిలబడి ఉంటే తేనెకుండ ఎత్తుకుని వాళ్ళ కళ్ళ ముందు నుంచి నడుస్తుందా? ఇంకో రెండు ఆకులు కప్పి, పైన దుప్పటి పరిచి వచ్చింది. నేనూ అదే చేశాను. ఊరు ఊరంతా అదే చేసింది. ఇందులో తప్పు ఉందని మాలో ఒక్కరికీ తోచలేదు.

తరవాత ఎప్పటికో లారీ వచ్చింది. బకెట్లిచ్చారు, ఒక్కో బకెట్టుకీ ఇంటి నంబరున్న రేకు బిళ్ళ, దాన్ని కట్టడానికి తీగ ఇచ్చారు. మంచి తీగ. మా ఊళ్ళో అంత మంచి తీగ చేతికొస్తే బకెట్టుకి కడతారా ఎవరైనా? ఒకరు మేకల దొడ్డి తలుపు బిగించుకున్నారు, ఒకరు తేనెగూటికి చుట్టుకున్నారు. బిళ్ళలు పిల్లల మెడల్లోకెళ్ళాయి. యెషారెగ్ ఒక్కతే తన బకెట్లకి నంబరు కట్టి, ఊడుతుందేమోనని లాగి మరీ చూసింది. మిగతావాటికి నంబర్లేవని ఫిస్సెహా చూశాడు. చూసి కూడా, "పర్లేదు, ఎక్కించండి, చీకటి పడుతోంది," అన్నాడు. నా చెవులతో విన్నాను.

ఆ తేనె అవతలి దేశం దాకా వెళ్ళి ఆగిపోయింది. అక్కడ పరీక్ష చేసి, అందులో దోమల మందు ఉందన్నారు. ఫిస్సెహా కాగితం పట్టుకుని దిగాడు, మళ్ళీ అందరం షెడ్డులో కూర్చున్నాం.

"నంబరు లేని బకెట్లలోనూ ఉంది," అన్నాడు. "కానీ అవి ఎవరివో తేలదు. తేలింది ఒక్కరివే. యెషారెగమ్మవి."

"గోడలకి కొట్టారుగా బాబూ దోమల మందు," అన్నాను నేను. "ఆరోగ్యశాఖ వాళ్ళు ఏటా కొడతారు. అది తేనెకి పడుతుందని మాకు నువ్వెందుకు చెప్పలేదు?"

"అది వాళ్ళ పనమ్మా. నా పని తేనె."

"మరి ఆ తేనె ఎక్కడుంటుందనుకున్నావు, గాల్లోనా?"

అతను యెషారెగ్ వైపు తిరిగాడు. "తిండి సామాను బయట పెట్టమంటే ఎందుకు పెట్టలేదమ్మా?"

ఆమె లేచి నిలబడింది. "తేనెని పరాయి మగాళ్ళ ముందు పెట్టమంటావా?" అంది. దాచలేదు, నసగలేదు. అతనికి ఆ మాట ఎక్కనే లేదు.

దోషిని తీసేస్తేనే కంపెనీ మళ్ళీ కొంటుందట. దోషి అన్నాడు. నాకు ఆగలేదు. లేచి, "మందు కొట్టిన రోజు తేనె బయట పెట్టినవాళ్ళు చేతులెత్తండి," అన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. అప్పుడు అడెల్లో అనే మా సంఘం పెద్ద గొంతు సవరించుకుని, "యెషారెగ్‌ని సంఘం నుంచి తీసేయడానికి ఒప్పుకునేవాళ్ళు," అన్నాడు. ఇందాక లేవని చేతులన్నీ లేచాయి. సిగ్గు లేని చేతులు. ఆమె తేజ్ గ్లాసులు పట్టుకున్న చేతులే అవన్నీ. చెప్పినట్టు నంబరు కట్టినందుకు ఆమె దొరికింది, కట్టనందుకు వీళ్ళు పెద్దమనుషులయ్యారు. ఆమె మొగుడు తాడు భుజానేసుకుని, పెళ్ళాన్ని తీసుకుని బయటికి నడిచాడు. వాళ్ళ వెనకే నేనూ వచ్చేశాను.

ఈ ఏడు మందువాళ్ళు వచ్చినప్పుడు ఊరంతా తేనెకుండల్ని దుప్పట్లలో చుట్టి వెనక వాకిలి గుండా తోటల్లోకి మోసింది. అందరి తేనె పరీక్షలో నెగ్గింది, ఓడెక్కింది. యెషారెగ్ బతుకు మీద నేర్చుకున్న పాఠం అది. ఆమెని తిరిగి చేర్చుకుందామని మాత్రం ఎవరూ అనలేదు. మర్యమ్ పండక్కి గుడివాళ్ళు కూడా వేరే ఇంటికెళ్ళారు.

మొన్న ఆ సంఘం పెద్ద, అడెల్లో, ఖాళీ సొరబుర్ర చేత్తో పట్టుకుని ఆమె ఇంటికొచ్చాడు. నేను కంచె దగ్గరే ఉన్నాను.

"అమ్మాయి పెళ్ళి కుదిరింది వదినా," అన్నాడు. "తేజ్‌కి తేనె నీదే కావాలంటోంది. సంఘం సంగతి సంఘానిది, ఇంటి సంగతి ఇంటిది. మనసులో పెట్టుకోకు."

యెషారెగ్ లోపలికెళ్ళి తేనెకుండ తెచ్చింది. వీధి అరుగు మీద, నట్టెండలో పెట్టి, ఆకు తీసి పక్కన పడేసింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. అడెల్లో మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"కప్పు వదినా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ అన్నా. పడాల్సిన కళ్ళన్నీ ఆ రోజు షెడ్డులోనే పడ్డాయి. ఇంక దేన్నుంచి దాచను?"

అతను సొరబుర్ర ముందుకి చాపాడు. ఆమె అందుకోలేదు.

"ఇందులో మందుందని చెయ్యెత్తి చెప్పావు. నీ కూతురి పెళ్ళిలో నలుగురికీ అది పొయ్యమంటావా?"

అతను ఖాళీ బుర్రతోనే వెళ్ళిపోయాడు. పెళ్ళిలో బోంగా పట్నం నుంచి తెచ్చిన సీసాల బీరు పోశారట. కుండ ఇంకా ఆ అరుగు మీదే ఉంది, మూత లేకుండా. దాని పక్కనే కూర్చుని ఆమె కాఫీ గింజలు ఏరుకుంటోంది.