కోటు దర్జీ నిలబెట్టిన బొమ్మ

అప్పు ఎగ్గొట్టినవాణ్ణి మా వీధిలో "బొమ్మ నిలబెట్టాడు" అంటారు. ఆ మాట కోటు దర్జీ గదిలోనే పుట్టింది, అందులో అబద్ధం లేదు. ఎవరైనా డబ్బు మాటెత్తుకుని మెట్లెక్కితే చాలు, తన కోటూ టోపీ కొయ్యబొమ్మకు తగిలించి, కుట్టుమిషను పక్కన నిలబెట్టి మాయమయ్యేవాడు. కానీ ఆయన కనిపించిన ప్రతివాడి దగ్గరా అప్పు చేశాడన్న కబురుంది చూశారూ, అది ఉత్త గాలిమాట. తలుపు బాదుతూ "డబ్బు, డబ్బు" అని అరిచేవాళ్లంతా అప్పులవాళ్లేనని జనం అనుకున్నారు. ఆ చేతుల్లో ఏముందో ఒక్కరూ చూడలేదు.

ఇస్త్రీ వదిన చేతిలో మాత్రం నోట్లున్నాయి. కూతురి నర్సు ఉద్యోగానికి కుట్టించిన తెల్లకోటు బాకీ అది. అప్పు నెత్తిమీదుంటే ఆమెకు ముద్ద దిగదు. ఎవరికీ చెప్పకుండా, కూడు పెట్టే ఇత్తడి ఇస్త్రీపెట్టెనే కుదువపెట్టి తెచ్చింది.

మొదటిసారి వెళ్లింది దీపాలు పెట్టేవేళ. మెట్లమీద ఉండగా మిషను టకటకా నడుస్తోంది. తలుపు తట్టగానే ఆగింది. తోసి చూస్తే చక్రం ఇంకా తిరుగుతోంది, పీట వెచ్చగా ఉంది, మనిషి లేడు. కిటికీ వైపు తిరిగి కోటు నిలబడి ఉంది, దానిపైన టోపీ. మధ్యలో తల లేదు.

"అన్నా?"

కోటు పలకలేదు.

రెండోసారికి బొమ్మ తలుపు వైపు తిరిగింది. గాలి చొరబడే సందులేదు, అయినా ఖాళీ చెయ్యి ఒకటి వద్దువద్దన్నట్టు ఊగుతోంది. వదిన మెట్లు దిగిందో దొర్లిందో ఆమెకే తెలియదు.

కింద కొట్లో సబ్బుల తాత పలకరించాడు. "నీకూ బొమ్మ నిలబెట్టాడా? ఎంత రావాలేంటి?"

"రావడం కాదు తాతా, నేనే ఇవ్వాలి."

"ఇవ్వాల్సినదానివి నువ్వు పారిపోవాలి గానీ, ఆయన పారిపోవడమేంటే!" తాత నవ్వబోయి ఆగాడు. "అయినా ఆయన్ని కళ్లారా చూసి ఎన్నాళ్లయిందమ్మా?"

వదిన మళ్లీ మెట్లవైపు చూడకుండా ఇంటిదారి పట్టింది.

మూడోసారి కళ్లు మూసుకుని, నోట్లు బొమ్మ జేబులో కుక్కి వచ్చేసింది. తెల్లారేసరికి అవే నోట్లు ఆమె ఇస్త్రీబల్ల మీదున్నాయి, నల్లదారంతో ఏడు ముళ్లేసి! తలుపు గడియ వేసింది వేసినట్టే ఉంది. బల్ల పైనున్న కిటికీ మాత్రం జానెడు తెరుచుకుని ఉంది.

ఎగ్గొట్టేవాడి జేబులోంచి డబ్బు తిరిగిరావడం ఎక్కడన్నా విన్నామా? వదినకు భయం పోయి కోపమొచ్చింది. ఆ సాయంత్రం కొంగు బిగించి మెట్లెక్కింది. బొమ్మ కాలరు పట్టుకుని కుదిపేసింది.

"దయ్యానివైనా సరే, నా బాకీ తీసుకుంటావా, లేదా?"

వెనక బట్టల బీరువా తుమ్మింది.

తలుపు లాగితే, వేలాడే కోట్ల మధ్య ఇంకో కోటులా దర్జీ! పెదాల మధ్య నాలుగు గుండుసూదులు, వేలికి బొమ్మ కోటు చేతిదాకా సాగిన నల్లదారం.

"బతికే ఉన్నావా అన్నా! ఎగ్గొట్టేవాళ్లకి నీ బొమ్మ పేరే పెట్టుకుంది వీధంతా. ఇచ్చేవాళ్లని చూసి నువ్వు దాక్కోవడమేంటి?"

దర్జీ సూదులు ఒక్కొక్కటే తీసి చొక్కాకు గుచ్చుకున్నాడు.

"ఈ కిటికీలోంచి ఎవరి పొయ్యి వెలగలేదో కనిపిస్తుంది చెల్లీ. అలాంటివాళ్లు డబ్బు పట్టుకొస్తే నేను ఊళ్లో ఉండను. నాలుగు రోజులుగా నీ ఇస్త్రీబొగ్గుల పొగ లేదు. ముందెళ్లి పెట్టె విడిపించుకో. దాంతో ఈ బొమ్మ కోటు ఇస్త్రీ చేసి పట్టుకురా, పీకి పీకి నలిపేశావు. అప్పుడు చూడు, నేను ఇంట్లోనే ఉంటాను."