మాట లేని బొమ్మ

ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్ళే బస్సులో పక్క సీటాయన తన ఫోను నా చేతికిచ్చాడు. తెర మీద ఓ అమ్మాయి గొర్రెపిల్లను ఎత్తుకుని, నవ్వుతూ ఏదో అంటోంది. మళ్ళీ మళ్ళీ అదే నవ్వు.

"మా పాప, సార్. మొన్న ఎండల్లో జొరమొచ్చి పోయింది. దాని స్నేహితురాలు ఇదొకటే ఉండాదని పంపినాది. మాట ఇనపడలేదు. స్పీకర్ బాగుచేయించేదానికి పోతుండా."

"స్పీకర్ బాగానే ఉంది. ఇది జిఫ్ ఫైలు. బొమ్మ కదులుతుంది గానీ శబ్దం ఉండదు," అన్నాను.

ఆయన ఫోను వెనక్కి తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇంటికాడ దానమ్మ కాచుకోనుండాది, సార్. బాగైతే పాప మాట ఇనొచ్చని."

ఆత్మకూరులో దిగి, బాగానే ఉన్న ఆ ఫోను పట్టుకుని, రిపేరు షాపులోకే వెళ్ళాడు.